నిప్పు ఉన్నది, వేడి ఏది?

వాక్యభాగములు: ప్రకటన 3:14-22; లేవీయకాండము 6:8-13; 2 తిమోతి 1:6





మార్గళి నెల వచ్చినదంటే తెల్లవారుజామున క్రిస్మసు పాటల గుంపుతో బయలుదేరువారికి వేడినీళ్ళు కావలెను. మన అమ్మమ్మల కాలములో పెరటిలో రాగి బాయిలరు ఉండెడిది. కొబ్బరి మట్టలు వేసి రాజబెట్టేవారు. ప్రతి ఉదయము ముందుగా నిన్నటి బూడిద తీసేవారు. నేడు గోడకు గీజరు వచ్చినది. స్విచ్చి వేసి మరచిపోవుచున్నాము. ఆ మరచిపోవుటలోనే అపాయమున్నది.

గడచిన చలికాలములో మన సంఘపు కుటుంబములలో ఒకదానికి జరిగిన సంగతి చెప్పెదము. వారి స్నానాల గదిలోనే గ్యాసు గీజరు పెట్టించుకొన్నారు. చలిగాలి వచ్చుచున్నదని కిటికీకి అట్టముక్క అడ్డు పెట్టారు. వారము దినములుగా నీలముగా ఉండవలసిన మంట పసుపుగా మండుచున్నది. పైగోడకు మసి పట్టినది. స్నానము చేసి వచ్చిన ప్రతివారికీ తలనొప్పి, కళ్ళు తిరుగుట. జలుబు అనుకొన్నారు. ఆదివారము ఉదయము ఆరాధనకు సిద్ధపడుచున్న కుమార్తె లోపలనే సొమ్మసిల్లి పడిపోయినది. తలుపు పగులగొట్టి బయటి గాలికి తెచ్చి, ఆసుపత్రిలో ప్రాణవాయువు పెట్టించగా బ్రదికినది. దేవునికి స్తోత్రము! తరువాత వచ్చిన మెకానిక్కు ఒక్క మాట అన్నాడు: "అమ్మా, వారం రోజులుగా అది మీకు చెబుతూనే ఉంది."

గాలి చాలనిచోట గ్యాసు సరిగా మండక కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. ఊటీలో, కొడైకెనాలులో మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకొనువారికి కూడ ఇదే మరణాపాయము. కావున గ్యాసు గీజరు స్నానాల గది వెలుపల, గాలి ఆడుచోట ఉండవలెను. మంట పసుపుబారినా, మసి కనబడినా, తల తిరిగినా వెంటనే ఆపి, తలుపులు తెరచి, బయటికి రావలెను. బాగుచేయించువరకు మరల వెలిగించరాదు.

కరెంటు గీజరుకు మరియొక జబ్బు ఉన్నది. శిరువాణి నీళ్ళు తేలికైనవి. బోరు నీళ్ళు అట్లు కావు. వాటిలోని సున్నము లోపలి కాయిలుమీద గారగా పేరుకొనును. అప్పుడు కాయిలు కాలుచునే ఉండును గాని, ఆ వేడి నీళ్ళకు అందదు. పది నిమిషములలో కాగినవి అరగంట పట్టును. లోపల గుడగుడ శబ్దము వచ్చును. కరెంటు బిల్లు పెరుగును. చివరకు తన వేడికి తానే ఆ కాయిలు మాడిపోవును. పంపులు, మోటార్లు, గ్రైండర్లు చేయు ఊరిలో కాపురమున్న మనకు ఇది ఒకరు చెప్పవలెనా?

ప్రియులారా, ఇప్పుడు లవొదికయ వైపు చూడుడి. దానికి దగ్గరలో హియెరాపొలి. అక్కడ వేడి ఊటలు. ఇంకొక ప్రక్క కొలొస్సయి. అక్కడ చల్లని నీళ్ళు. లవొదికయకు నీళ్ళు రాతి గొట్టములలో రావలసియుండెను. నేటి టర్కీ దేశములోని ఆ శిథిలములలో, గార పట్టి పూడుకొనిపోయిన ఆ గొట్టములు ఇప్పటికిని కనబడుచున్నవి. అది ధనముగల పట్టణము. క్రీ.శ. 60లో భూకంపము వచ్చినప్పుడు రోమా సహాయము లేకుండ తన స్వంత ధనముతోనే తిరిగి కట్టుకొన్నది. తనకు ఏ కొదువయు లేదనుకొన్న ఆ సంఘమును ప్రభువు నులివెచ్చని నీళ్ళతో పోల్చెను. వారు ఆరాధన మానలేదు. మానియుంటే వారికే తెలిసియుండెడిది!

మన సంఘములలో ఈ గురుతులు ఉన్నవా? పరీక్షించుకొందము.

మొదటిది: వేడి అందుటకు ఎక్కువ కాలము పట్టుట. ఇది మా ఒప్పుకోలు. ప్రకాశం జిల్లానుండి కట్టడపు పనికి వచ్చిన ఒక కుటుంబము మూడు ఆదివారములు మన ఆఖరి బల్లమీద కూర్చున్నది. తెలుగు పాట వినబడి లోపలికి వచ్చినవారు. మనము పాడితిమి, ప్రార్థించితిమి, వార్షికోత్సవపు మైకుసెట్టు గూర్చి చర్చించితిమి. వారి పేరు అడిగినవారు లేరు. నాలుగవ ఆదివారము వారు రాలేదు. వారి బిడ్డ ఆ దినములలో ఆసుపత్రిలో ఉండెనని నెల గడచిన తరువాత తెలిసినది. కాయిలు కాలుచునే ఉన్నది; నీళ్ళు మాత్రము చల్లగానే ఉండెను.

రెండవది: వేడి తగ్గి శబ్దము పెరుగుట. కమిటీ తగవులు, కుర్చీలకొరకు పోటీ, పెద్ద స్పీకర్లు ఉన్నవి. మోకాళ్ళ ప్రార్థన కూటమునకు వచ్చువారు ఎందరు?

మూడవది: తలనొప్పికి వేరొక పేరు పెట్టుట. పిల్లలు గుడికి రారంటే తమిళ బడిమీద నెపము వేయుచున్నాము. మధురలో నాయకరాజుల కాలమునుండి, నాలుగు వందల ఏండ్లకు పైగా, తెలుగు ఇండ్లలో నిలిచియున్నది. బడి వలన కాదు. తల్లులు పిల్లలతో మాటలాడిరి గనుక నిలిచినది. విశ్వాసమైనను అంతే.

బాగుచేయుట ఎట్లు? లేవీయకాండములో యాజకుని ఉదయకాలపు మొదటి పని కట్టెలు వేయుట కాదు, బూడిద ఎత్తుట. గీజరుకైనను కొత్త పెయింటు వేసిన లాభము లేదు. విప్పి, గార కడుగవలెను. దానినే పశ్చాత్తాపము అందుము. లవొదికయను ప్రభువు పారవేయలేదు. తలుపునొద్ద నిలుచుండి తట్టుచున్నాడు. పౌలు తిమోతికి కొత్త నిప్పు తెమ్మని వ్రాయలేదు; ఉన్నదానిని రగిలింపుమనెను.

నిప్పు పెద్దదిగా ఉండనక్కరలేదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండమీద జ్యూయెట్ దొరగారితో కలిసి ప్రార్థించినవారు అయిదుగురే. ఇరువదినాలుగు ఏండ్లకు, 1878 జూలై 3న, వేలంపల్లియొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ మధ్యకాలములో ఎవరో ప్రతిదినము బూడిద తీయుచునే ఉండిరి.

కావున రెండు పనులు చేయుదము. ఈ వారమే మీ ఇంటి గీజరు చూపించుకొనుడి. బిడ్డల ప్రాణముతో వాయిదా వేయకుడి. ఈ ఆదివారమే ఆఖరి బల్లమీద మీరు కూర్చుండుడి. ప్రక్కనున్న క్రొత్తవారి పేరు, ఊరు అడుగుడి. మధ్యాహ్నము మీ ఇంటికి భోజనమునకు పిలువుడి. మన పెద్దలును ఒకనాడు ఈ దేశమునకు మూటతో వచ్చినవారే.

ప్రార్థన: ప్రభువా, మా హృదయములకు పట్టిన గారను కడుగుము. మేము పంపివేసినవారిని మాయొద్దకు మరల తెమ్ము. వారిని ప్రేమతో చేర్చుకొను వేడి మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము, ఆమేన్.