కీడునకు పెట్టిన పేర్లు

రోగమును రోగమని పిలుచుటకు మన పెద్దలు ఏనాడును తొందరపడలేదు. మశూచి ఇంట ప్రవేశించినప్పుడు 'అమ్మవారు పోసింది' అనిరేగాని మరియొక మాట అనలేదు; అందును పెద్దమ్మవారు, చిన్నమ్మవారు, ఆటలమ్మ యని వరుసలు కలిపి, వచ్చినది చుట్టమా దేవతయా యన్న సందిగ్ధమును అట్లే నిలువనిచ్చిరి. మనిషిని లోలోపల కృశింపజేయు క్షయకు సంస్కృత వైద్యులు రాజయక్ష్మ మని పట్టము గట్టగా, మానని మొండిపుండునకు తెలుగువారు రాచపుండని రాచరికము నంటగట్టిరి. కుష్ఠు పెద్దరోగమైనది. చీకటిపడిన పిమ్మట పొలముగట్టున పాము కరచినచో పల్లెలలో నేటికిని 'పురుగు ముట్టింది' అందురు. దాని పేరు రాత్రివేళ పలికినచో వచ్చి వాకిట నిలుచునేమో యను శంక ఆ మాటలో నున్నది.

ఇదంతయు అజ్ఞానమని ఒక్కమాటతో త్రోసిపుచ్చు విద్యావంతులు కలరు. నాకా తీర్పు రుచింపదు. ఆ గౌరవవాచకముల వెనుక నున్నది భయము. ఆ భయము వెంట ఒక నడవడి యుండెను. అమ్మవారు పోసిన ఇంట తాళింపు వేయరు, వాకిట వేపమండలు కట్టుదురు, బంధువులను గడప దాటనీయరు, రోగిని వేపాకు పరుపుపై వేరుగా పరుండబెట్టుదురు. తాళింపునకును మశూచికిని సంబంధ మేమియు లేకపోవచ్చును గాని, వేపమండ చూచి వెనుదిరిగిన చుట్టము నిజముగనే అంటు తప్పించుకొనెను. అమ్మకు ఆగ్రహము కలుగునని టీకా వేయించుకొనక మొండికెత్తి, బిడ్డలను పోగొట్టుకొన్న ఇండ్లును ఉన్నవి. ఆ లెక్కను దాచుట న్యాయము కాదు. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి భూమిమీద లేదని ప్రకటించెను. వెంకటగిరిలో ఆ అమ్మవారైన పోలేరమ్మకు జాతర మాత్రము ఏటేట జరుగుచునే యున్నది. జరుగనిండు, భయము తీరిన పిమ్మట భక్తి మిగులుట చెడ్డ బేరము కాదు.

మలేరియా సంగతి మరింత చిత్రమైనది. మనవారు దానిని చలిజ్వరమనియు, కొండప్రాంతములలో సోకినచో మన్యపు జ్వరమనియు అనిరి. ఇటలీవారు చిత్తడినేలల చెడుగాలియే దానికి కారణమని తలచి ఆ గాలి పేరునే జ్వరమునకు పెట్టిరి. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు దోమ జీర్ణకోశపు గోడలో ఆ జ్వరక్రిమిని కనుగొనుటతో గాలి నిర్దోషి యని తేలినది, గాని పేరు మారలేదు. చిత్రమేమనగా, చెడుగాలికి వెరచి, సందెవేళ తలుపులు బిగించుకొని చిత్తడికి దూరముగ మసలినవాడు తెలియకయే దోమకును దూరమయ్యెను. పేరు తప్పు, భయము ఒప్పు. ఆ ఒప్పు అతనిని కొంతవరకు కాచినది.

నన్ను కలవరపెట్టునది ఇందుకు విపర్యయమైన సందర్భము: వస్తువు కాలకూటమై యుండియు, భయమును పుట్టింపవలసిన పేరు భయమును జోకొట్టుట. మన మందు అను మాట అట్టిది. జ్వరమునకు మింగునది మందు, కల్లుదుకాణము దాటి పట్టణపు సీసాలలో దొరకునది మందు, తుపాకిలో దట్టించునది మందు, మగని వశపరచుకొనుటకు అన్నములో కలుపుదురని చెప్పుకొనునది మందు, తుదకు పైరుపై చల్లు విషమును మందే. పత్తిచేనిలో 'మందు కొట్టు' దినమున చూడుడు. రైతు బకెట్టులో నీరు పోసి, సీసామూతతోనే కొలిచి, 'పంపుకు రెండు మూతలు' అని లెక్కగట్టి, కర్ర అందనిచో చేతితోనే కలిపి, ఆ పంపును వీపునకెత్తుకొని గాలివాలు చూడకయే సాలువెంట నడచును. నాజిల్ మూసుకొనిపోయినచో దానినూడదీసి నోట బెట్టుకొని ఊదును. తాను పట్టుకొన్నది విషమని రోజంతయు పలుకుచున్న నోరే యైనచో, ఆ నోట దానిని పెట్టుకొని యుండునా యని నా సందేహము.

తెలంగాణ పల్లెలో 'మందు తాగిండు' అన్న వార్త వచ్చినప్పుడు, చెప్పినవాని గొంతును బట్టిగాని, తాగినవాడు బ్రాందిదుకాణమునుండి వచ్చినాడో, చేనినుండి ఆసుపత్రికి పోవుచున్నాడో తెలియదు. ఆసుపత్రిలో డాక్టరు మొట్టమొదట అడుగునది 'ఏ మందు? డబ్బా తెచ్చిండ్రా?' అని. అది వట్టి విచారణ కాదు. ఆర్గనోఫాస్ఫేటు జాతి పురుగుమందైనచో అట్రోపిన్ అను విరుగుడు కలదు, వేళకు అందినచో ప్రాణము నిలుపవచ్చును. పారాక్వాట్ ఐనచో విరుగుడు లేదు. ఆ పారాక్వాట్‌కు మన పొలములలో పేరేమి? గడ్డిమందు. పురుగును చంపునదికాదు, పామును చంపునదికాదు, గడ్డిని చంపునది. ఇంతకన్న సాధువైన పేరు వెదకినను దొరకదు. దానిని త్రాగినవాడు తొలినాడు లేచి కూర్చుండి, తెలివితో మాటాడి, ఇంటికి పోదమని కూడ అనవచ్చును. 'గడ్డిమందే గద సార్' అని బంధువులు ధైర్యము తెచ్చుకొందురు. నోరు పొక్కి, మూత్రపిండములు చెడి, ఊపిరితిత్తులు కొన్నినాళ్లలో గట్టిపడుటను ఎరిగిన డాక్టరునకు ఆ మాట వినుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. తప్పు ఆ బంధువులది కాదు. ఏళ్ల తరబడి వారి చెవిన బడిన పేరే వారిచేత అట్లు పలికించినది.

ప్రభుత్వ మీ సంగతి ఎరుగకపోలేదు. 1971 నాటి పురుగుమందుల నియమముల ప్రకారము ప్రతి డబ్బామీదను మూలమీద నిలిపిన చదరమొకటి ముద్రింపవలెను. దాని దిగువ సగమున నుండు రంగు విషతీవ్రతను తెలుపును. ఎరుపు అత్యంత తీవ్రము, పసుపు దాని తరువాతిది, నీలము మధ్యస్థము, ఆకుపచ్చ స్వల్పము. ఎరుపున్నచోట పైన పుర్రెయు ఎముకలును ఉండును గనుక అక్షరము రానివానికిని అర్థమగును. పసుపు మాట? గడపకు పూసి, తాళిబొట్టున కట్టి, పసిబిడ్డ ఒంటికి నలుగుపెట్టి, శుభమునకు పర్యాయముగ వాడుకొను రంగు పురుగుమందు డబ్బాపై రెండవతరగతి కాలకూటమునకు గుర్తు! ఆకుపచ్చ యైనను విషపు తరగతులలో నొకటియే గాని విషము కాదనుటకు ఆనవాలు కాదు. 'పచ్చగుర్తుది, ఏం గాదు' అని ధైర్యము చెప్పువారికి ఈ భేదము పట్టదు. డబ్బావెంట వచ్చు కరపత్రములో విషలక్షణములు, విరుగుడు అన్నియు నుండును. చీమతలలంత అక్షరములతో నుండును.

1968 నాటి పురుగుమందుల చట్టము తన ఇంగ్లీషు పేరులో వీనిని చంపునవి అనియే స్పష్టముగ పిలిచినది. వీథిలోని మాటయే మందైనది. గడ్డివిషము, పురుగువిషము అని వ్యవహరించిన నష్టమేమియు లేదని నా మతము, నోరు తిరుగుటకును కష్టము కాదు. ఐనను 'విత్తనములు, ఎరువులు, విషములు ఇచ్చట అమ్మబడును' అని బోర్డు వ్రాయించుకొను వర్తకుడు మన మండల కేంద్రములలో ఒక్కడైన దొరకునా?