పర్మిట్ రాలేదు, విలువ పోలేదు





మన పెన్‌పహాడ్ లాంటి మండలాల పిల్లలు కూడా ఈరోజు అమెరికా పోతున్నరు. కూలి చేసి, అప్పు తెచ్చి చదివించిన ఆడపిల్ల ఇంజనీరు అయింది. పెండ్లి చేసుకుని భర్త వెంట హెచ్-4 వీసా మీద వెళ్ళింది. అక్కడ ఆమె పని చేయాలంటే ప్రభుత్వం విడిగా పర్మిట్ ఇవ్వాలి. దరఖాస్తు పెట్టి నెలల తరబడి ఎదురుచూసింది. చివరికి 'తిరస్కరించాం' అని ఉత్తరం వచ్చింది. ఈ ఇల్లు మీదే కావచ్చు, మీ చెల్లెలిదే కావచ్చు. ఆ ఇంటికి ధమ్మం ఏం చెప్తుందో చూద్దాం.

సంయుత్త నికాయంలో తథాగతుడు రెండు బాణాల సంగతి చెప్పాడు. మొదటి బాణం తగిలితే ఒంటికి నొప్పి. తెలివిలేనివాడు ఆ నొప్పికి కుమిలిపోయి మనసుకు రెండో బాణం కూడా తగిలించుకుంటాడు. పర్మిట్ రాకపోవడం మొదటి బాణం. 'నా చదువంతా దండగైంది' అని ఆమె ఏడవడం రెండోది. 'నీతోని ఏమైతది' అని భర్త అనడం, 'కోడలు ఖాళీగనే కూసుందట' అని ఇక్కడ మనం అనుకోవడం కూడా ఆ రెండో బాణమే. మొదటిది ఆఫీసు నుంచి వచ్చింది. రెండోది మన ఇంట్ల తయారైంది.

బాణం తీయాలంటే కారణం చూడాలి. చుట్టాలు జాతకం చూపించమంటరు, మొక్కు మొక్కమంటరు. మనం 22 ప్రతిజ్ఞలు తీసుకున్నవాళ్ళం. కారణం గ్రహాల్లో లేదు, ఆ ఉత్తరంలోనే రాసి ఉంటుంది. 2015 మే 26 దాకా హెచ్-4 వాళ్ళకు పనిచేసే వీలే లేదు. ఆ తేదీ నుంచి కొందరికే ఇచ్చారు: భర్త గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 ఆమోదం పొంది ఉండాలి, లేదా ఆ దారిలో ఉండి అతని హెచ్-1బీ ఆరేళ్ళు దాటి పొడిగించి ఉండాలి. ఆ షరతు ఇంకా తీరకపోతే, తీరినాక మళ్ళీ దరఖాస్తు పెట్టాలి. కాగితం తక్కువైతే జతచేసి మళ్ళీ పెట్టాలి. అధికారి పొరపాటైతే, మామూలుగా అప్పీలు ఉండదు గానీ, తిరిగి పరిశీలించమని 30 రోజుల్లో మోషన్ వేయవచ్చు. అందుకే ఏడ్చే ముందు ఉత్తరం మీది తేదీ చూడండి, ఇమ్మిగ్రేషన్ వకీలును కలవండి.

మన తాతలకు పుట్టుక చూసి పని కాదన్నరు. దానికి దరఖాస్తు లేదు, గడువు లేదు. ఇది అట్లాంటిది కాదు, ఇది షరతు. షరతు మారితే ఫలితం మారుతుంది.

ఈలోపు ఎవరో వచ్చి 'మా దుకాణంల చెయ్, నగదు ఇస్త, ఎవరికీ తెల్వది' అంటరు. ఇంకొకరి పేరు మీద పని చేయమంటరు. వద్దు. అబద్ధం మీద నిలబడ్డ జీతం సమ్మా ఆజీవం కాదు. రేపటి గ్రీన్‌కార్డుకూ అదే అడ్డం పడుతుంది. హెచ్-4 మీద చదువుకోవడానికి అడ్డు లేదు, ఆ దారి చూడండి.

భర్తలకు ఒక మాట. సిగాలోవాద సుత్తంలో భర్త ధర్మాలు ఐదు: భార్యను గౌరవించాలి, కించపరచకూడదు, తప్పుదారి తొక్కకూడదు, ఇంటి అధికారం ఆమెకు అప్పగించాలి, నగలు సమకూర్చాలి. ఆ నాలుగోది గుర్తుపెట్టుకోండి. జీతం నీ ఖాతాలో పడ్డా అది ఇద్దరిది. బస్సు టికెట్టుకు కూడా ఆమె చేయి చాపే గతి రానీయకు. భార్య భర్తకు బానిస కాదు, స్నేహితురాలు, సమానురాలు అని బాబాసాహెబ్ 1942 జులైలో నాగ్‌పూర్ మహిళల సభలో చెప్పారు. 'డిపెండెంట్' అన్న మాట వీసా కాగితం మీద ఉంటే ఉండనీ, ఇంట్లకు రానీయకు.

మనకు దగ్గరి నాగార్జునకొండ శాసనాలు చూడండి. 3వ శతాబ్దంలో అక్కడ ధమ్మానికి దానాలిచ్చిన చాంతిసిరి, ఉపాసిక బోధిసిరి తమ పేర్లతోనే నిలిచారు. స్త్రీ విలువ ఒక పర్మిట్‌తో రాలేదు, పర్మిట్ రాకపోతే పోదు.

ఇక్కడున్న అమ్మలారా, అత్తలారా! రాత్రి ఫోన్ చేసినప్పుడు 'ఉద్యోగం వచ్చిందా' అని అడగకండి. 'తిన్నవా బిడ్డా, నిద్ర పడుతుందా' అని అడగండి. మీరు తీయగల బాణం అదే.

భవతు సబ్బ మంగళం. సాధు, సాధు, సాధు.