ఉపదేశి చేయలేని పని

మా పల్లె గుడిలో చాలా ఏళ్లు ఉపదేశిగా పనిచేశాను. ఫాదర్ గారు రాలేని ఆదివారాల్లో వాక్యం చదివి ప్రార్థన నడిపాను, పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పాను. ప్రాణం మీదికొచ్చిన పసిబిడ్డకు జ్ఞానస్నానం కూడా ఇచ్చాను. ఆపదలో అది ఎవరైనా ఇవ్వొచ్చు. కానీ మంచాన పడ్డ ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "ఫాదర్ గారొచ్చేదాకా ఉంటానో లేదో, నా పాపసంకీర్తనం నువ్వే విను నాయనా" అన్నప్పుడు, మనస్తాప జపం చెప్పించి విచారణ గురువులకు కబురు పంపడం తప్ప ఏమీ చేయలేకపోయాను. నా తల మీద బిషప్ గారు చేతులుంచలేదు, అంతే.

గురుపట్టాభిషేకం చూసినవాళ్లకు తెలుసు. అభ్యర్థి పీఠం ముందు బోర్లా పడుకుంటాడు. జనమంతా పునీతుల ప్రార్థన పాడతారు. ఆ తర్వాత బిషప్ గారు ఒక్క మాటా పలక్కుండా అతని తల మీద రెండు చేతులూ ఉంచుతారు. వచ్చిన గురువులందరూ వరసగా అలాగే ఉంచుతారు. అప్పుడు అభిషేక ప్రార్థన. అరచేతులకు తైలం పూయడం, రొట్టె, ద్రాక్షరసం ఉన్న పాత్రలు అందించడం దాని తర్వాతే. ఆ పాత్రలు అందించడమే ముఖ్యమని మధ్యయుగాల్లో వాదించిన పండితులున్నారు. 1947లో పన్నెండవ పయస్ పోపుగారు ఆ సంగతి తేల్చారు: చేతులుంచడం, ఆ ప్రార్థన, ఈ రెండే సంస్కారానికి ప్రాణం. డీకన్‌కైనా, గురువుకైనా, బిషప్‌కైనా అంతే.

ఇంత జరిగినా కోపిష్టి కోపిష్టిగానే మిగలొచ్చు. ఇక్కడే చాలామంది విశ్వాసం తడబడుతుంది. నాలుగో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలో దొనాతు వర్గంవాళ్లు పట్టుకున్నది ఇదే. హింసలకు జడిసి పవిత్ర గ్రంథాలు అప్పగించిన బిషప్ చేసే అభిషేకం చెల్లదన్నారు. హిప్పో బిషప్ అగుస్తీను ఏళ్ల తరబడి వాళ్లతో వాదించాడు: సంస్కారంలో పనిచేసేది క్రీస్తు, ఇచ్చేవాడి మంచిచెడ్డలతో దానికి పనిలేదు. ఉపదేశుల శిక్షణలో ఈ పాఠం విన్నప్పటి నుంచి ఇది గురువులకిచ్చిన వెసులుబాటని నేనెప్పుడూ అనుకోలేదు. తప్పు చేసిన గురువును శ్రీసభ తొలగించగలదు, తొలగించాలి కూడా. ఈ భరోసా మంచాన ఉన్న పెద్దాయనది. వచ్చిన గురువు ఎలాంటివాడో ఆరా తీసే తీరిక ఆయనకెక్కడిది?

అభిషేక ముద్ర చెరగదంటారు. 1983 నాటి శ్రీసభ చట్టం ఈ మాట మీద ఎంత గట్టిగా నిలబడిందో చూడండి: గురుత్వ విధుల నుంచి తప్పించినవాడైనా సరే, ప్రాణాపాయంలో ఉన్నవారి పాపసంకీర్తనం విని పాపవిమోచనం ఇవ్వొచ్చు. మిగతా తలుపులన్నీ మూసినా, చావుబతుకుల్లో ఉన్నవాడి కోసం ఆ ఒక్కటీ తెరిచే ఉంచారు.

అభిషేకం కాగానే కొత్త గురువు అరచేతులు ముద్దుపెట్టుకోవడానికి జనం బారులు తీరతారు. నేనూ నిలబడతాను. నిలువెత్తు ఫ్లెక్సీలు, బ్యాండు మేళంతో ఊరేగింపులు మాత్రం నాకు నచ్చవు. పెళ్లికొడుకును చేసినట్టు చేస్తే, తాను ఎవరి కోసం అభిషేకం పొందాడో ఆ కుర్రవాడికి తెలిసేదెలా? ఆ డబ్బుతో విచారణకు ఒక మోటార్‌సైకిల్ కొనిస్తే, అర్ధరాత్రి కబురొచ్చినప్పుడు పనికొస్తుంది.