కంచెకు లెక్క

చేనికి కంచె వేయించు రైతు గుంజలకెంత ఖర్చయినదో వ్రాసికొనును గాని, ప్రతిగుంజను కదల్చి యెంత లోతున పాతిరో చూచువాడు అరుదు. పోలీసు బలగము విషయమున ప్రభుత్వములును, ప్రజలమైన మనమును చిరకాలముగా నడచుచున్న తీరిట్టిదే. ఠాణాలెన్ని, కానిస్టేబుళ్లెందరు, జీపులెన్ని యను ప్రశ్నలకు శాసనసభలలో జవాబులు దొరకును. ఆ కానిస్టేబులు శిక్షణాలయమున ఎన్ని గంటలు తుపాకి పట్టెను, ఎన్ని గంటలు చట్టము చదివెను, ఏడ్చుచు వచ్చిన ఆడుకూతురితో ఎట్లు మాటలాడవలెనో ఎవరైన నేర్పిరా యని అడిగినచో జవాబు చెప్పువారు కొలదిమంది. ఇట్టి లెక్కలు తీయుటకై ప్రజాధనము వెచ్చించుట ధర్మమా, దుబారాయా యనునది మేమిందు విచారింపదలచితిమి.

అమెరికా దేశమున న్యాయగణాంక కార్యాలయము 2002 మొదలు కొన్నేండ్లకొకసారి రాష్ట్ర, స్థానిక పోలీసు శిక్షణాలయములకు ప్రశ్నావళిని పంపి వివరములు రాబట్టుచున్నది. ఆ వివరములను సేకరించి కూర్చు పనిని గ్రాంటు నిచ్చి వేరొక పరిశోధనసంస్థకు అప్పగించుట అచ్చటి పద్ధతి. 2013 నాటి లెక్కలో 664 శిక్షణాలయములు తేలినవి. ప్రాథమిక శిక్షణ సగటున 840 గంటలు. అందు తుపాకి విద్యకు 71 గంటలు. ఈ సంఖ్యలు మంచివా, చెడ్డవా యను వాదము వేరు. కాని సంఖ్యయే లేనిచోట వాదమునకు కాలూనుటకైన చోటులేదు.

మన దేశమున 1970లో ఏర్పడిన పోలీసు పరిశోధనాభివృద్ధి సంస్థ ఏటేట పోలీసు సంస్థల వివరములను ప్రకటించుచున్నది. ప్రభుత్వము వారి గణాంకములనే ఆధారముగా గైకొని 2019లో వెలువడిన యొక స్వతంత్ర నివేదిక, అంతకు ముందటి అయిదేండ్లలో ఉద్యోగములో నుండగా శిక్షణ పొందిన పోలీసులు సగటున నూటికి ఆరుగురు మాత్రమేయని తేల్చినది. తక్కినవారు చేరినప్పుడు నేర్చిన దానితోనే కాలము గడుపుచున్నారన్నమాట. ఈ సంగతి బయటపడుటకు లెక్క వ్రాసిన గుమాస్తాల జీతములు గాక మరి యే వ్యయము కావలసివచ్చెను?

ఇట్లడుగుట మనకు కొత్త గాదు. బందరు ప్రాంతము మద్రాసు రాజధానిలో నున్న కాలమున, శిస్తు వసూలునకును, నేరము నొప్పించుటకును జనులను హింసించుచున్నారని 1854లో ఇంగ్లండు పార్లమెంటులో ప్రశ్న పుట్టెను. అంతట మద్రాసులో ఒక విచారణసంఘమును నియమించిరి. బాధితులు వచ్చి చెప్పుకొనవచ్చునని ప్రకటింపగా, దూరభారము లెక్కింపక కాలినడకను వందలకొలది జనులు వచ్చిరి. వ్రేళ్లను కర్రల నడుమ నొక్కు కిట్టి మొదలగు హింసల పేర్లు 1855 నివేదికలో అచ్చుపడినవి. 1859లో పోలీసును రెవెన్యూనుండి వేరుచేసి కొత్త చట్టము చేయుటకు ఆ నివేదికయు ఒక కారణము. హింస అంతకుముందును ఉన్నదే. అడుగువారు లేక, అది లేనట్లే చెల్లెను. కావున లెక్కయనునది అంకెల పొందిక మాత్రమే కాదు, వినుటకు ఒకరు సిద్ధపడుట.

అయినను లెక్కల మీద మాకు గుడ్డినమ్మకము లేదు. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఈ రాజధానిలోనే పరీక్షాఫలితములను బట్టి బడులకు గ్రాంటిచ్చు పద్ధతి యుండెను. పిల్లవాని తలకు విలువ కట్టినందున, ఇన్‌స్పెక్టరు వచ్చునాటికి చిలుకపలుకులు నేర్పుటయే చదువైనది. ఆ పద్ధతి పోయినను ఆ బుద్ధి పోలేదు. తనిఖీకి ముందునాడు రాగల ప్రశ్నలకు జవాబులు వల్లె వేయించిన పాపము మేమును చేసితిమి. పిల్లలు తప్పక జవాబు చెప్పిరి. మా బడికి మంచి మాట వచ్చినది. ఆనాడు మాకు అన్నము సయింపలేదు. కావున శిక్షణాలయమునకు ధనమిచ్చు చేయియు, దాని గుణమును లెక్కించు చేయియు ఒకటి కారాదని మా అభిప్రాయము. జమాఖర్చులకు ప్రత్యేకముగా అక్షపటలమును చెప్పి, అధికారులు ధనమపహరించు మార్గములను నలుబదిగా లెక్కించిన కౌటిల్యునకు ఈ సంగతి మనకంటె బాగుగ తెలియును.

మా మిత్రుడొకడు, ఆ గ్రాంటు సొమ్ముతో ఠాణాలలో మరుగుదొడ్లు కట్టించినచో ఆడ కానిస్టేబుళ్లు దీవించెదరు గదా యనెను. మాట కాదనలేము. అయితే ఏ ఠాణాలో మరుగుదొడ్డి లేదో తెలియుటకైనను ఎవరో లెక్క వ్రాయవలె గదా! మన తీరమునే చూడుడు. బందరు చెంత గిలకలదిండిలోను, దివిసీమ కొనను పాలకాయతిప్పలోను సముద్రతీర పోలీసుఠాణాలు వెలసినవి. తీరరక్షక పోలీసులకై గుజరాతులోని ఓఖాలో 2018లో ఒక జాతీయ శిక్షణాలయము మొదలైనది. 1977 నవంబరు ఉప్పెనలో వేలకొలది ప్రాణములను పోగొట్టుకొన్న దివిసీమవారు అడుగదగిన ప్రశ్న ఇది: మా తీరమున కావలియుండు వారిలో ఎందరికి ఈత వచ్చును? పడవ నడుపుట ఎందరు నేర్చిరి? ఇది పరిహాసముగాదు. పల్లెకారుల బిడ్డలకు పదియవయేట వచ్చు విద్యనే యడుగుచున్నాము.

ఇక ఏ ప్రశ్నావళికిని అందని భాగమొకటి కలదు. మా వద్ద చదివిన గుడివాడ ప్రాంతపు కుర్రవాడొకడు కానిస్టేబులై, శిక్షణ ముగియగనే యూనిఫారముతో మమ్ము చూడవచ్చెను. పెరేడు, ఆయుధములు, చట్టపు సెక్షనులు వరుసగా చెప్పెను. వినుటకు మాకును గర్వముగనే యుండెను. కొన్ని నెలలకు మరల వచ్చినపుడు, భయపడి తడబడు ముసలివానిచేత ఫిర్యాదు ఎట్లు చెప్పింతువని యడిగితిమి. నవ్వి, "అవన్నీ ట్రైనింగులో చెప్పరండి మాస్టారూ, స్టేషనులో పెద్దవాళ్లను చూసి నేర్చుకుంటాం" అనెను.

కావున లెక్క శిక్షణాలయపు గుమ్మముకడ ఆగరాదు. ఏడాది గడచిన పిదప అదే కుర్రవానిని, అతని పై అధికారి ఎదుట గాక, ఒంటరిగ కూర్చుండబెట్టి, చెప్పినదానిలో ఏది నిలిచినది, చూచినదానిలో ఏది అంటినది యని యడుగవలెను. అట్టి ప్రశ్నకు ఖర్చు హెచ్చు, జవాబు అధికారులకు రుచింపదు. అందుచేతనే అది గ్రాంటు పత్రములలో వ్రాసియుండవలెనని మేము కోరుచున్నాము. ఆనాడు ఆ కుర్రవాడు కాఫీ త్రాగి, మా కాళ్లకు మ్రొక్కి, రాత్రి డ్యూటీ యున్నదని వెడలిపోయెను. స్టేషనులో పెద్దవారిని చూచి ఏమి నేర్చెనో మేమును అడుగలేదు.