మాధవి, ఆడగుర్రం, ఒక ఆట

తెరమీది గుర్రానికి నొప్పి లేదు. దాన్ని ఎన్నిసార్లు చూడి కట్టిస్తే మాత్రం ఎవరికి అన్యాయం జరిగినట్టు? ఆన్‌లైన్ ఆటల్లో గుర్రాలు పెంచే అమ్మాయిలు ఇలా అడిగితే కాదనలేం, అక్కడ హింస నిజంగానే లేదు. అయినా నాకు మనసొప్పదు. ఆట గుర్రాన్ని ఏం చేస్తోందన్నది కాదు నా ప్రశ్న. కనడం అనే పనిని ఎలా ఊహించుకోమంటోంది?

2005లో ఫ్రాన్స్‌లో మొదలైన హౌర్స్ ఆటనే తీసుకుందాం. ఆడగుర్రాన్ని దాటించడానికి మగగుర్రం యజమానికి రుసుము కట్టాలి. పిల్లకి తల్లిదండ్రుల్ని మించిన జన్యుబలం రావాలి, రాకపోతే మళ్ళీ దాటించాలి. పెళ్ళిళ్ళ దేవత హేరా పేరుతో ఒక కానుక కూడా పెట్టారు, అది ఇస్తే కవలలు. మైన్‌క్రాఫ్ట్‌లోకి 2013లో వచ్చిన గుర్రాలకైతే ఆడా మగా తేడాయే లేదు. మచ్చికైన రెంటికి బంగారు యాపిలో క్యారెట్టో తినిపిస్తే మరుక్షణం పిల్ల ప్రత్యక్షమవుతుంది. 1970లో షులమిత్ ఫైర్‌స్టోన్ గర్భభారం నుంచి స్త్రీ దేహాన్ని సాంకేతికత విడిపించాలని వాదించినప్పుడు ఆమె కలగన్నది ఇదేనా? కాదనుకుంటాను. ఒక పనిని మరో చోటికి మార్చడం వేరు, అసలు పనే లేదన్నట్టు చూపించడం వేరు.

నిజం గుర్రం దాదాపు పదకొండు నెలలు మోస్తుంది. దాని ఎద కాలం వసంతంలో మొదలవుతుంది. కానీ ఉత్తరార్ధగోళంలో పందెపు గుర్రాల వయసు జనవరి 1 నుంచి లెక్క. ముందు పుట్టిన పిల్లకి పరుగులో లాభం కాబట్టి, చలికాలంలోనే రోజుకి పదహారు గంటలు వెలుతురు ఉండేలా దీపాలు పెట్టి ఎదని ముందుకి జరుపుతారు. థరోబ్రెడ్ జాతి వంశావళి పుస్తకంలో కృత్రిమ గర్భధారణకి చోటు లేదు, ఇండియాలోనూ అంతే. నేరుగా దాటాల్సిందే. ఆడగుర్రం సిద్ధంగా ఉందో లేదో చూడ్డానికి ముందు ఇంకో మగగుర్రాన్ని తెస్తారు, చవకరకం దాన్ని. తర్వాత ఖరీదైనది వస్తుంది. అది తన్నులు తినకూడదు కాబట్టి ఆడదాని పైపెదవిని మెలిపెట్టి పట్టుకోవడం, వెనక కాళ్ళకి బంధాలు వెయ్యడం మామూలు. ఈనిన పదిరోజుల్లోపే మళ్ళీ ఎదకొస్తుంది. ఏటేటా పిల్ల కావాలంటే నెలలోపే మళ్ళీ చూడి కట్టాలి. ఇక కవలలంటారా, ఆడగుర్రానికి అది ప్రాణాపాయం. స్కానింగులో రెండు కనిపిస్తే, దాదాపు రెండు వారాల దశలోనే పశువైద్యుడు ఒకదాన్ని చేత్తో నొక్కి చిదిమేస్తాడు. ఆటలో అదే బహుమతి.

స్వారీ విషయంలో ఆటల మీద నాకంత పేచీ లేదు. రెండు కాళ్ళూ ఒకే వైపు వేసి కూర్చోమన్న కాలం దాటి, ఒలింపిక్స్ డ్రెస్సాజ్‌లోకి ఆడవాళ్ళని 1952లో గానీ రానివ్వలేదు. పోలియో సోకిన లిస్ హార్టెల్ ఆ ఏడే రజతం గెలుచుకుంది. అమ్మాయిల చేతికి ఉత్తుత్తి కళ్ళేలైనా రావడం మంచిదే. కాకపోతే నిజం గుర్రం చెవులు వెనక్కి వాల్చి, వీపు బిగించి 'వద్దు' అంటుంది. ఆ భాష నేర్చుకోవడమే స్వారీలో సగం.

తెరమీద ప్రసవాలకి గుర్తులుండవు. ఈ ఊహ కంప్యూటర్లతో పుట్టలేదు. ఉద్యోగపర్వంలో విశ్వామిత్రుడు గురుదక్షిణగా ఒక చెవి మాత్రం నల్లగా ఉండే 800 తెల్లగుర్రాలు అడుగుతాడు. గాలవుడి దగ్గర లేవు, యయాతి దగ్గరా లేవు. యయాతి కూతుర్ని ఇచ్చాడు. హర్యశ్వుడు, దివోదాసుడు, ఉశీనరుడు తలా 200 గుర్రాలిచ్చి తలా ఒక కొడుకుని కనిపించుకున్నారు. తగ్గిన 200కి బదులు విశ్వామిత్రుడే మాధవిని తీసుకున్నాడు. ప్రతి కాన్పు తర్వాతా ఆమె మళ్ళీ కన్య అయిపోతుంది. అలాంటి వరం ఉందని గాలవుడికి చెప్పింది ఆమే. ఒప్పుకుందిగా అని సరిపెట్టుకునేవాళ్ళకి ఆ మాట చాలు. నాకు చాలదు. ఆ వరం వల్ల మాధవికి ఏం ఒరిగింది? రాబోయే రాజుకి ముందటి కాన్పు ఆనవాలు లేని దేహం దొరికింది, అంతే. నలుగురు కొడుకుల్లో ఒక్కడూ ఆమె దగ్గర లేడు.

అంతా అయ్యాక యయాతి ఆమెకి స్వయంవరం ఏర్పాటు చేశాడు. మాధవి వచ్చిన వరులందర్నీ దాటుకుని వెళ్ళి అడవిని వరించింది. లేడిలా తిరుగుతూ, లేతగడ్డి మేస్తూ, ఏటి నీళ్ళు తాగుతూ అక్కడే ఉండిపోయింది.