గుప్తదానం - గుప్త విరాళం

దానం గుప్తంగా ఇవ్వడం మరింత శ్రేయస్కరమని దివ్య ఖుర్ఆన్ బోధిస్తోంది. మరి ఎన్నికల ప్రచారానికి ధనమిచ్చేవారు పేరు దాచుకుంటే తప్పేమిటి?

కాస్త ఆలోచిద్దాం. పేదవానికి గుప్తంగా ఇచ్చేవాడు ప్రతిఫలాన్ని అల్లాహ్ నుండే ఆశిస్తాడు. పార్టీల ప్రచారానికి కోట్లు కుమ్మరించేవాడు పాలకుల నుండి ఆశించడని ఎలా నమ్మగలం? 2018లో మన దేశంలో అమలుకు వచ్చిన ఎన్నికల బాండ్లలో దాత పేరు ప్రజలకు తెలిసేది కాదు. ఓటరుకు తెలుసుకునే హక్కు ఉందంటూ 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టివేసింది.

జకాత్ వసూలుకు వెళ్ళివచ్చిన ఒక ఉద్యోగి, ఇందులో కొంత తనకు కానుకగా వచ్చిందన్నాడు. తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని దైవప్రవక్త (సఅసం) నిలదీశారు. పదవిని చూసి వచ్చే సొమ్ముకు ఇదే గీటురాయి.

పేరు తెలిస్తే ప్రత్యర్థులు వేధిస్తారన్న భయం చిన్న దాతలకు ఉంటుంది. చట్టం కూడా 20 వేల రూపాయలు దాటిన విరాళాల వివరాలనే పార్టీల నుండి కోరుతోంది. కాని పెద్ద మొత్తాలకు ఆ సాకు చెల్లదు.

సోదర సోదరీమణులారా! ఓటు మన చేతిలోని అమానతు. ప్రచార ఆర్భాటం చూసినప్పుడు, ఈ ఖర్చు ఎవరిదని అడుగుదాం. మనమూ పదిమందిలో చెప్పుకోగల విరాళమే ఇద్దాం. ప్రజల ముందు దాచిన లెక్క ప్రళయదినాన అల్లాహ్ ముందు దాగదు.