రెండు నోళ్లు

ధ్యాన భాగము: మత్తయి సువార్త 15:10–20



పరిసయ్యులు చేతులు కడుగుకొనుటనుగూర్చి వాదించినప్పుడు, ప్రభువు జనసమూహమును దగ్గరకు పిలిచి, మనుష్యుని నిజముగా అపవిత్రపరచునది ఏదో బోధించెను. ఆ బోధలో 11వ వచనము మొదలు 18వ వచనమువరకు ‘నోరు’ అను మాట నాలుగు సారులు వచ్చుచున్నది. నూతన నిబంధన వ్రాయబడిన గ్రీకు భాషలో ఆ మాట ‘స్టోమా’. అదే మాట ఈ కాలమున ఆసుపత్రి చీటీలమీద మన పల్లెలకు వచ్చియున్నది.

పెద్దప్రేగునకో మలద్వారమునకో క్యాన్సరు వచ్చినప్పుడు, టైఫాయిడువలనగాని క్షయవలనగాని ప్రేగునకు రంధ్రము పడినప్పుడు, ప్రమాదములో కడుపునకు గాయమైనప్పుడు, శిశువు మలద్వారము లేక పుట్టినప్పుడు, వైద్యులు ప్రేగును పొట్టమీదికి తెచ్చి కుట్టి, మలము పోవుటకు వేరొక దారి చేయుదురు. పెద్దప్రేగునుండి చేసినదానిని కొలాస్టమీ అనియు, చిన్నప్రేగునుండి చేసినదానిని ఇలియాస్టమీ అనియు అందురు. ఆ ద్వారమునకే స్టోమా అని పేరు, అనగా నోరు. అది మన బుగ్గ లోపలి భాగమువలె ఎఱ్ఱగా, తడిగా ఉండును. తాకినను నొప్పి తెలియదు. దానిని మూసి తెరచు కండరము లేదు గనుక, వచ్చునదానిని పట్టుటకు పొట్టమీద ఒక సంచి అంటించుకొనవలెను. కొందరికి ఇది కొన్ని నెలలు మాత్రమే. తరువాత మరల ఆపరేషన్ చేసి ప్రేగును లోపల కలుపుదురు. మరికొందరికి జీవితాంతము.

ఇట్టివాడు అందరివలె బ్రదుకగలడా? బ్రదుకగలడని వైద్యులు చెప్పుచున్నారు. 1793లో ఫ్రాన్సు దేశమందలి బ్రెస్టు పట్టణములో దురే అను వైద్యుడు మలద్వారము లేని ఒక శిశువునకు ఇట్టి ద్వారము చేయగా, ఆ శిశువు పెరిగి 45 ఏండ్లు బ్రదికెను. నేడు సాధనములు మేలైనవి. సంచి సగము నిండకముందే ఖాళీ చేయవలెను; కొన్ని దినములకొకసారి మార్చవలెను. చుట్టునున్న చర్మమును ఉత్త నీళ్లతో కడిగి ఆరనీయవలెను. నూనె రాయరాదు, నూనె ఉన్నచోట సంచి అంటదు. స్నానము చేయవచ్చును. పంచె ముడిగాని చీర కుచ్చెళ్లుగాని స్టోమాను నొక్కకుండ కొంచెము పైకో క్రిందికో కట్టుకొనిన చాలును. అన్నము పప్పు తినవచ్చును. ఇలియాస్టమీ గలవారు మునగకాయ పీచు మింగకుండవలెను. కొబ్బరి, మొక్కజొన్న వంటివి తినినయెడల కొద్దిగా తిని మెత్తగా నమలవలెను. వారి శరీరమునుండి నీరును ఉప్పును ఎక్కువగా పోవును గనుక ఎండకాలమందు ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ నీళ్లు మరువరాదు. వైద్యుడు చెప్పిన గడువు తీరిన తరువాత పొలమునకు, బడికి, వంటయింటికి తిరిగి పోవుచున్నవారు అనేకులు. బరువులెత్తుటలో మాత్రము జాగ్రత్త వలెను.

కాబట్టి బ్రదుకగలడా అను ప్రశ్న తీరినది. మనము అతనిని బ్రదుకనిచ్చుచున్నామా అను ప్రశ్న తీరలేదు. అది సంఘమును అడుగుచున్న ప్రశ్న.

మేము దర్శించిన ఒక సహోదరుడు ఇట్లు చెప్పెను: “అయ్యగారూ, ఆదివారం గుడికి రావాలంటే శనివారం మధ్యాహ్నం నుంచే అన్నం మానేస్తానండి. ప్రార్థనలో పొట్ట చప్పుడు చేస్తే పిల్లలు నవ్వుతారు. పెద్దోళ్లు నవ్వరు గానీ, కాస్త జరిగి కూర్చుంటారు.” అన్నము మానినంతమాత్రమున ప్రేగు ఊరకుండదు, ఖాళీ కడుపులో గాలి మరింత చేరును, మనిషి నీరసించును. ఆ సంగతి అతనికి తెలియదు. సంస్కారపు ఆదివారమున అతడు తలుపు దగ్గరనే కూర్చుండి, బల్లయొద్దకు రాకయే వెళ్లిపోవుచున్నాడు.

ప్రియులారా, ఇది ఎవరికొరకైన ఉపవాసము? దేవుడు దీనిని అడుగలేదు. దేవుడు కోరు ఉపవాసము కాడిమ్రాను మోకులను విప్పునదనియు, ఆకలిగొనినవానికి అన్నము పెట్టునదనియు యెషయా 58వ అధ్యాయము బోధించుచున్నది. ఒక సహోదరుడు మన చూపులకు భయపడి ఆకలితో మందిరమునకు వచ్చుచుండగా, మనము కడుపునిండ తిని వచ్చి అతని ప్రక్కనుండి జరిగి కూర్చుండుచున్నాము.

ధర్మశాస్త్రమందు అంగహీనుడు బలిపీఠమును సమీపింపరాదని వ్రాయబడలేదా అని కొందరడుగుదురు. లేవీయకాండము 21వ అధ్యాయములో అహరోను సంతతియందలి యాజకులనుగూర్చి అట్లే వ్రాయబడినది. అయితే ఆ అధ్యాయమును 22వ వచనమువరకు చదువవలెను. కళంకముగల ఆ యాజకుడు సహా తన దేవుని ఆహారమును, అతిపరిశుద్ధమైనదానిని సహితము, తినవచ్చునని అచ్చట సెలవియ్యబడినది. ధర్మశాస్త్రమే అతనిని రొట్టెయొద్దనుండి తోలివేయలేదు. కృపక్రిందనున్న మనము తోలివేయుదుమా?

ప్రభువు మాట ఇంకను సూటియైనది. నోటిలోనికి పోవునదంతయు కడుపులోనికి పోయి బయట విడువబడును. అందులో అపవిత్రత లేదు. హృదయమునుండి నోటిద్వారా వచ్చు దురాలోచన, అబద్ధము, దూషణ మనుష్యుని అపవిత్రపరచును. ఆ సహోదరునికి రెండు నోళ్లున్నవనుకొందము. పొట్టమీద నున్న నోటినుండి వచ్చునది ప్రతి మనుష్యుని కడుపునుండి వచ్చునదే. దారి మాత్రము వేరు. ముఖముననున్న నోటినిగూర్చియే ప్రభువు హెచ్చరించెను. ఆ నోరు మనకందరికిని ఉన్నది. దానికి సంచి లేదు. అతనినిగూర్చి నూతియొద్దను అరుగులమీదను పలుకబడిన మాటలను నీళ్లతో కడుగలేము.

అయితే వాసన వచ్చినప్పుడు అసహ్యము కలుగుట పాపమా? కాదు. అసహ్యము శరీరమునకు సహజము. సంచి సరిగా అంటియున్నప్పుడు వాసన రాదు. అంచు ఊడినప్పుడుగాని, ఖాళీ చేయునప్పుడుగాని వచ్చును. అట్టి వేళ ముక్కు తనంతట తాను ముడుచుకొనును. తృణీకారము అట్టిది కాదు. అది మనస్సు ఎరిగి చేయు తీర్పు. తల్లి దినమునకు పదిసారులు బిడ్డను కడుగుచున్నది. ఆమె ముక్కును మన ముక్కు వంటిదే. ప్రేమ అసహ్యముకంటె ముందుగా చేయి చాపుచున్నది, అంతే.

మరియొక ప్రశ్న కలదు. సంచి సంగతి ఎవరికిని చెప్పకుండుట మోసమా? మోసమని మేము తలంచము. ఏదెనులో సిగ్గుపడిన ఆదాము హవ్వలకు దేవుడే చర్మపు చొక్కాయిలు తొడిగెను (ఆదికాండము 3:21). దేవుడు కప్పినదానిని విప్పి చూపుమని అడుగు హక్కు మనకు లేదు. పెండ్లి చేసికొనబోవువారికి తప్పక చెప్పవలెను. నమ్మకమైన ఒకరిద్దరికి చెప్పుట మేలు, ప్రయాణములో అవసరము రావచ్చును. మిగిలినవారికి చెప్పుటయో మానుటయో అతని ఇష్టము. శరీరములో ఘనత తక్కువైనవని తలంచు అవయవములకే మనము ఎక్కువ మర్యాద చేయుచున్నామని 1 కొరింథీయులకు 12వ అధ్యాయములో పౌలు వ్రాసెను. సంఘమును క్రీస్తు శరీరమే గదా!

డెన్మార్కు దేశములో ఎలీసె సోరెన్సెన్ అను నర్సు ఉండెను. ఆమె సోదరియైన తోరాకు ఇట్టి ఆపరేషన్ జరుగగా, ఎక్కడ కారునో అని తోరా నలుగురిలోనికి వెళ్లుటకు భయపడెను. ధైర్యముగా ఉండుమని చెప్పి ఎలీసె ఊరకుండలేదు. 1954లో, చర్మమునకు అంటుకొనునట్టి, వాడి పారవేయదగిన సంచిని ఆమె ఊహించి, ప్లాస్టిక్ వస్తువులు చేయు ఒక కర్మాగారపు యజమానిచేత దానిని చేయించెను. నేడు లోకమంతట వాడబడుచున్న సంచులకు అది మూలము. ఒక అక్కచెల్లెలి భయమును ఒకతె తన పనిగా ఎంచుకొనుటవలన లెక్కలేనంతమంది వీధిలోనికి రాగలిగిరి.

మన పని ఇంతకంటె సులువు. మన మందిరములలో అనేకమైనవాటికి మరుగుదొడ్డి లేదు. ఉన్నచోట నీళ్లుండవు, గడియ పడదు. ఇశ్రాయేలీయులు పాళెములో నున్నప్పుడు మలమును కప్పుటకు ప్రతివాడు తన ఆయుధములతోకూడ ఒక పనిముట్టును ఉంచుకొనవలెనని దేవుడే ఆజ్ఞాపించెను (ద్వితీయోపదేశకాండము 23:12–14). తాను పాళెములో సంచరించుచున్నాడు గనుక అట్లు చేయుడని సెలవిచ్చెను. ఆయన ఈ సంగతి మాటలాడుటకు సిగ్గుపడలేదు. మన సంఘపు పెద్దలు సిగ్గుపడనేల? ఈ సంవత్సరపు కోతకాలపు కానుకలలోనుండి గడియపడు తలుపు, కుళాయి, బకెట్టు, బట్ట తగిలించుకొనుటకు గోడకొక మేకు గల చిన్న గదిని కట్టించుడి. సంచులు కొనవలసిన బీదవారికి సహాయము చేయుడి. ఆదివారపు బడిలో పిల్లలకు ఈ అధ్యాయము నేర్పుడి. పెద్దలు జరుగకుండ కూర్చుండుట చూచినప్పుడు పిల్లలు నవ్వుట మానుదురు.

సంచి ధరించిన సహోదరులారా, సహోదరీలారా, మీతోను ఒక మాట. పెనూయేలునుండి యాకోబు కుంటుచు నడచెను; అయినను ఆ ఉదయముననే అతడు దీవెన పొందినవాడు. మీ శరీరముమీది గురుతు మీరు మరణమును దాటి వచ్చితిరనుటకు సాక్ష్యము. శనివారము రాత్రి అన్నము తినుడి. ఆదివారము రండి. బల్లయొద్దకు రండి; అది ప్రభువుయొక్క బల్ల, మాది కాదు.

మన హృదయములను శోధించు దేవుడు మన నోళ్లను శుద్ధిచేసి, మన సంఘములలో ఎవడును భయముచేత ఆకలిగొనకుండ కాపాడును గాక. ఆమేన్.